ఖైరున్నీసా కొళాయిలో ఆకుపచ్చ నీళ్లు

“గుర్తు పెట్టుకో జిలానీ. ఈ జిల్లాలో నేరస్తులు కంటినిండా నిద్రపోయేది ఇంక కొన్నాళ్లే. నా మెదడు మేలుకున్యాది.”

ఆ మెదడు అబ్రహాముది. నంద్యాల బస్టాండు దగ్గర ఆయనకు మోటార్ల వైండింగు షాపు ఉంది. కాలిపోయిన మోటారుకు రాగితీగ చుట్టడం ఆయన వృత్తి. బాగా తిరుగుతున్న మోటారును విప్పి చూడడం ఆయన బలహీనత. ఈమధ్యే షాపు బోర్డు మీద ‘ఇచట రహస్య పరిశోధన కూడా చేయబడును’ అని పెద్దక్షరాలతో రాయించాడు. ఇంతవరకూ ఆయన పట్టిన కేసు ఒక్కటే. పోయిన స్కూటరు తాళంచెవి. అది ఆయన చేతిలోనే ఉందని చెప్పింది జిలాని.

ఆటో తోలుకునే జిలానికి ఆయన చిన్ననాటి స్నేహితుడు. అంతకుమించి జిలాని చేసుకున్న పాపం ఏమీ లేదు. ఆ పొద్దు కూడా అక్క విషయం నోరు జారి చెప్పేశాడు గానీ, లేకుంటే ఒక్కడే ఆళ్లగడ్డకు పోయి వచ్చేవాడు.

జిలాని అక్క ఖైరున్నీసా ఆళ్లగడ్డలో, రాతి విగ్రహాలు చెక్కే వీధిలో చిన్న టిఫిను హోటలు నడుపుతుంది. వానలు మొదలైన కాడి నుంచి ఆమె కొళాయి తిప్పగానే ముందుగా కంపునీళ్లు వస్తున్నాయి. వీధిలో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఇదంతా హోటలు కడుగునీళ్ల వల్లేనని ఎదురుగా ఉన్న లాడ్జి ఓనరు సుబ్బయ్య ఊరంతా చెప్పి, హోటలు మూయించమని అర్జీ కూడా పెట్టాడు. శిల్పులు ఆమె దగ్గర తినడం మానేశారు. ఫోనులో ఆమె గొంతు విన్నప్పటి నుంచి జిలానికి అన్నం సహించడం లేదు.

“విషప్రయోగం,” అన్నాడు అబ్రహాము, ఆటో ఎక్కి కూచుంటూ. “నీరుకూ నేరానికీ యాడుందప్పా తేడా? ఒత్తి పలికితే రెండూ ఒకటే.”

“ఎంత ఒత్తినా ఒకటి కాదు. గమ్మున కూచో.”

ఆళ్లగడ్డలో ఆటో దిగగానే అబ్రహాము ముక్కు ఎగబీల్చాడు. “ఈ కేసు కంపు కొడతాంది జిలానీ.”

“కేసు కాదు, కాలువ. నువ్వు దాంట్లోనే నిలబడిండావ్.”

కాలు కడుక్కుని హోటల్లోకి పోయేసరికి ఖైరున్నీసా ఖాళీ బెంచీల మధ్య ఒంటరిగా కూచుని ఉంది. పొయ్యి మీద ఇడ్లీపాత్ర బోర్లించి ఉంది. తమ్ముణ్ణి చూడగానే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నా కడుగునీళ్లు పెరట్లో ఇంకుడుగుంతలోకి పోతాండాయి రా. అల్లా సాక్షి. ఎవురూ నమ్మడంలా.”

“నేను నమ్ముతాండాక్కా,” అన్నాడు అబ్రహాము గంభీరంగా. “ఆ నీళ్లు ఒక గ్లాసు పట్టుకరా. విషమేదో నా నాలుకే చెప్తాది.”

అక్కాతమ్ముళ్లిద్దరూ వద్దు వద్దంటున్నా వినకుండా బిందెలోని నీళ్లు గ్లాసుతో ముంచి గడగడా తాగేశాడు. చప్పరించాడు. కళ్లు మూసి ఆలోచించాడు. నాలుక ఏమీ చెప్పలేదు కాబట్టి ఇంకో గ్లాసు తాగాడు.

తర్వాత మారువేషం. లాడ్జి పక్కనే శిల్పుల ఆవరణ. సగం చెక్కిన విగ్రహాల మధ్య, ఒంటికీ బట్టలకూ రాతిపొడి పులుముకుని, ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు అబ్రహాము. అక్కడి నుంచి కాలువ మొత్తం కనబడుతుందట. జిలాని గేటు దగ్గర నిలబడి తల పట్టుకున్నాడు. పనివాడు ఒకడు చెమట తుడుచుకుని ఆ ఎత్తిన చేతికి తువ్వాలు తగిలించి పోయాడు. కడప నుంచి విగ్రహం కొనడానికి వచ్చిన పెద్దాయన ఆగి, పరీక్షగా చూశాడు.

“ఇది ఏ దేవుడప్పా? ముక్కు సరిగా రాలేదే.”

ముక్కు కోపంతో అదిరింది. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు విడిచి దండం పెట్టి, త్వరగా వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే కాలువ గట్టున ఒక యువతి కనబడింది. ఒక ఇంటి తూములో సీసాలోంచి చిక్కటి ఆకుపచ్చ ద్రవం పోసింది. గబగబా ముందుకు నడిచి కాలువలోకి వంగి చూసింది. తల అడ్డంగా ఊపి ఇంకో ఇంటికి పోయింది. అక్కడా అదే పని. తర్వాత ఫోను మోగితే సీసాకు మూత పెట్టి, గోడ మీద ఉంచి పక్కకు తిరిగింది.

విగ్రహం చెయ్యి దించింది. చెక్కుతున్న వాళ్ల ఉలులు ఆగిపోయాయి. అబ్రహాము పిల్లిలా నడిచి పోయి సీసా ప్యాంటు జేబులో కుక్కుకుని జిలాని దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

“సాక్ష్యం చిక్కింది. పోలీసులకు… అబ్బా.”

“ఏమాయ?”

“కడుపు జిలానీ. కడుపులో తిప్పేస్తాంది. ఈడ బాత్‌రూము యాడుండాది?”

హోటల్లో బాత్‌రూము లేదు. దగ్గరున్నది లాడ్జి ఒక్కటే. సుబ్బయ్య కౌంటరు దగ్గర అడ్డుగా నిలబడ్డాడు. “రూము తీసుకున్యోళ్లకే బాత్‌రూము. బయటోళ్లకు లేదు.”

“తీసుకుంటాం సామీ, ఏ రూమైనా తీసుకుంటాం,” అని జిలాని బతిమాలుతుండగానే, తెల్లటి రాతిపొడి ఆకారం ఒకటి సుబ్బయ్య చంక కింద నుంచి దూరి లోపల గడియ వేసుకుంది.

కాసేపటికి తలుపు వెనక నుంచి సన్నటి గొంతు వినబడింది. “జిలానీ. సాక్ష్యం పడిపాయ.”

“యాడ?”

“పడకూడని చోట. మూత ఊడిపాయ. అంతా ఆకుపచ్చగా అయిపాయప్పా.”

“తీసేయ్.”

“నేను డిటెక్టివ్‌ను జిలానీ. దేనికైనా ఒక హద్దుంటాది.”

ఆ తర్వాత నీళ్లు వదిలిన చప్పుడు. మళ్లీ వదిలిన చప్పుడు. రంగు పోయేదాకా వదులుతూనే ఉన్నాడు. లోపల అన్ని నీళ్లు పోతుంటే సుబ్బయ్య మొహం ఎందుకో పాలిపోవడం జిలాని గమనించాడు. నీళ్ల బిల్లు భయం అనుకున్నాడు.

వీధిలో అరుపులు వినబడ్డాయి. జిలాని బయటికి ఉరికాడు. లాడ్జి వెనక గోడ అడుగు నుంచి కాలువలోకి ఆకుపచ్చ నీళ్లు ధారగా దిగుతున్నాయి. ఆ యువతి కాలువ గట్టున నోరు తెరిచి నిలబడింది. అదే సమయానికి సాయంత్రం కొళాయిలు వదిలారు. హోటల్లోంచి ఖైరున్నీసా కేక పెట్టింది. బిందెలో తోటకూర రసం పోసినట్టు నీళ్లు. వీధి వీధంతా అక్కడ చేరింది.

“ఎవురు పోసినారు?” అని అడిగింది ఆ యువతి. “నా రంగుసీసా ఎవురు తీసింది?”

లాడ్జి మెట్ల మీద అబ్రహాము రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. రెండూ ఆకుపచ్చగా ఉన్నాయి. “నేనే మేడం. కావాలని కాదు. నాకేం తెలీదు. నేను వైండింగు షాపోణ్ణి.”

ఆమె పేరు అర్చన, మున్సిపాలిటీ ఇంజనీరు. హోటలు మీద వచ్చిన అర్జీ విచారించడానికే వచ్చింది. “అది విషం కాదన్నా, ఉత్త రంగు,” అంది. “ఒక్కో ఇంట్లో పోసి, యాడ తేల్తాదో చూస్తాండా. ఈ లాడ్జి ఒక్కటే మిగిలింది. సెప్టిక్ ట్యాంకు ఉండాదని చెప్పి ఈయన నన్ను గడప తొక్కనియ్యలేదు.”

సుబ్బయ్య కౌంటరు వెనక్కి జారుకోబోయాడు. శిల్పులు ఉలులతో సహా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

అర్చన అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. “ఈ కాలువలో వాన నీళ్లే పోవల్ల. ఈయన బాత్‌రూముల పైపు దీంట్లో కలిపినాడు. మీ కొళాయి పైపు కాలువ అడుగునే పోతాంది, యాడో చిల్లు పడిండాది. నీళ్లు వదలనప్పుడు ఈ మురికంతా ఆ చిల్లులోంచి లోపలికి దిగుతాది. వదలగానే ముందు అదే మీ బిందెలో పడతాది.”

వీధి అంతా ఖైరున్నీసా వైపు చూసింది. తిట్టిన వాళ్లంతా తలలు దించుకున్నారు. జిలాని పోయి అక్క పక్కన నిలబడ్డాడు. అబ్రహాము చేతులు దించి, కాలరు సర్దుకున్నాడు.

“ఇదంతా నా ప్లానే మేడం. నేరస్తుడి స్థావరంలోకి చొరబడి, సరైన సమయంలో, సరైన చోట…”

“సరైన చోటే,” అంది అర్చన, నవ్వు ఆపుకోలేక.

తర్వాత పనులు చకచకా జరిగాయి. లాడ్జి పైపు మూయించి, సుబ్బయ్య చేతనే సెప్టిక్ ట్యాంకు కట్టించారు. కొళాయి పైపు కొత్తది వేసి కాలువకు దూరంగా, ఎత్తు మీద నడిపించారు. కాలువ పూడిక ఎత్తేశారు. మళ్లీ గట్టి వాన పడిన నాడు జిలాని, అబ్రహాము ఆళ్లగడ్డ పోయేసరికి కాలువలో మట్టిరంగు వాననీళ్లు సుడులు తిరుగుతూ పారుతున్నాయి. కంపు లేదు.

హోటలు బయట శిల్పులు గొడుగుల కింద గుంపుగా నిలబడి ఉన్నారు. ఖైరున్నీసా ఇడ్లీలు వండి సిద్ధంగా పెట్టింది. తినాలనే ఉంది, కానీ ముందుగా బెంచీ మీద కూచోవడానికి ఒక్కరికీ ధైర్యం చాలడం లేదు.

ఆమె కొళాయి తిప్పింది. గ్లాసు నింపి సగం తను తాగింది. మళ్లీ నింపి అబ్రహాము ముందు పెట్టింది. వీధి మొత్తం ఆయన పొట్ట వైపు చూసింది.

అబ్రహాము జిలాని వైపు దీనంగా చూసి, గ్లాసెత్తి తాగేశాడు. కళ్లు మూసుకున్నాడు. చూరు నుంచి వాన కారుతోంది. కొంతసేపటికి ఆయన పొట్ట చిన్నగా గుర్రుమంది. శిల్పులు ఒక అడుగు వెనక్కి వేశారు.

అబ్రహాము పొట్ట మీద చెయ్యి పెట్టుకుని జాగ్రత్తగా విన్నాడు. కళ్లు తెరిచాడు.

“ఆకలైతాందక్కా,” అన్నాడు.

గొడుగులు మూసుకున్నాయి. బెంచీలు నిండిపోయాయి. జిలాని లుంగీ ఎగ్గట్టి ప్లేట్లు అందించడానికి లోపలికి పరిగెత్తాడు.