ఆగి చూస్తే సాగని ప్రోగ్రాం

పదకొండింటికి ఆఫీసరుకు ప్రోగ్రాం నడిపి చూపించాలి. పన్నెండింటికల్లా ఉద్యోగం ఇంకో ఏడాదికి పొడిగించుకోవాలి. మధ్యాహ్నం బస్సెక్కి ఏన్కూరు దగ్గరి తండాకు పోయి, మిరపతోటకు మళ్లీ కూలికి పోయే పని లేదని భార్య గోరికి చెప్పాలి. భద్రాచలంలో ఒక హాస్టళ్ల ఆఫీసులో కంప్యూటరు నడిపే హాతీరాం పొద్దున్నే వేసుకున్న పథకం అది.

అడ్డమల్లా పిల్లల పేరు కొట్టే గడి. అందులోకి పోగానే ప్రోగ్రాం ఏం చేస్తుందో చూద్దామని, మూడు రోజుల కింద అక్కడ ఆగేటట్టు పెట్టాడు. ఆగితే తప్పులు వెతికే డీబగ్గర్ విండో ముందుకొచ్చేది. చూసి, ఇక నడువమంటే పేరు గడి మళ్లీ ముందుకొచ్చేది. వచ్చిందంటే కొత్తగా గడిలోకి పోయినట్టే లెక్క, మళ్లీ ఆగేది. ఆఫీసరు తొంగిచూసినప్పుడల్లా పని వదిలి లేచి నిలబడే గుమాస్తాలాగా ఉంది దాని వరస.

"అడివిల ఆవు ఎంట పడి చూస్తమా సారూ? పడ్డకొద్దీ ఉరుకుతది," అన్నాడు అటెండరు జంపయ్య, టీ గ్లాసు పెడుతూ. "మెడకు గంట కడ్తం. ఏడున్నదో చెవికే ఎరుక."

హాతీరాం లేచి అతనికి దండం పెట్టినంత పని చేశాడు. ఆగడం తీసేసి, గడిలోకి పోయినప్పుడల్లా కంప్యూటరు కూసేటట్టు రాశాడు. ఒక పేరుకు ఒక్కటే 'కుయ్', గడిలోకి ఒక్కసారే పోయినట్టు. అంటే ప్రోగ్రాంలో తప్పే లేదు; ఆగి చూడటమే తప్పు! ఆ సంబరంలో తండా తండా పిల్లల పేర్లన్నీ వరసగా కొట్టాడు. కుయ్, కుయ్, కుయ్.

ఆ ఆఫీసులో కుయ్‌మంటే కరెంటు పోయి యూపీఎస్ ఏడుస్తున్నట్టు. జనమంతా టీ కొట్టుకు లేచారు.

"కరెంట్ పోయింది! బంద్ చెయ్ హాతీరాం!" పక్క గదిలోంచి సూపరింటెండెంటు సుశీలమ్మ కేక.

"పోలే మేడం! ఫ్యాను తిరుగుతుంది చూడుండ్రి!"

"అది పాత ఊపు మీద తిరుగుతుందయ్యా! జంపయ్యా, జల్దీ జనరేటర్ వెయ్!"

జనరేటర్ వేయాలంటే ముందు మెయిన్ దించాలి. జంపయ్య దించాడు. ఫ్యాను ఆగింది.

"చూసినవా? చెప్తే వినవ్," అంది సుశీలమ్మ.

యూపీఎస్ కూతకే గానీ కాపాడటానికి పనికిరాదు, తెర నల్లబడింది. సేవ్ చెయ్యని గంటలన్నీ గంగలో కలిశాయి. జనరేటర్‌లో చూస్తే డీజిల్ చుక్క లేదు. జంపయ్య మెయిన్ మళ్లీ ఎక్కిస్తుండగా ఆఫీసరు జీపు దిగాడు.

హాతీరాం, ఆగేటట్టు పెట్టకముందు సేవ్ చేసి ఉన్న పాత ప్రోగ్రామే తెరిచాడు. ఆఫీసరు తానే నాలుగు పేర్లు కొట్టాడు. ప్రోగ్రాం గోదారిలో పడవలాగా సాగిపోయింది.

"మూడు రోజుల సంది నడుస్తలేదంటిరి. ఎవరు బాగుచేసిన్రు?"

"జంపయ్య సార్! మెయిన్ దించి ఎక్కిచ్చిండు," అంది సుశీలమ్మ.

హాతీరాంకు కడుపు మండింది. "సార్, అసలు దాంట్ల రోగమే లేదు. మనం ఆగి చూసుడే రోగం."

"రోగమే లేకపోతే మూడు రోజులు ఏం చేసినవయ్యా?"

పొడిగింపు కాగితం ఇంకా ఆఫీసరు చేతిలోనే ఉంది.

"జంపయ్యే బాగుచేసిండు సార్," అన్నాడు హాతీరాం.

సాయంత్రానికల్లా హాతీరాంకు ఏడాది పొడిగింపు, కంప్యూటరు మరమ్మతు చేసినందుకు జంపయ్యకు ప్రశంసాపత్రం వచ్చాయి. రెండూ టైపు చేసింది హాతీరామే.