సుగంధరావు గారి భద్రమైన ఫోల్డరు

ఒక పెద్ద అడవిలో, పులులన్నీ రిటైరై ఎవరి పొదలో వాళ్ళు కునుకు తీస్తున్న కాలంలో, జంతువులు ఒక సహకార సంఘం పెట్టుకున్నాయి. ఎండాకాలంలో దొరికిన తిండి తలా ఇంత తెచ్చి కొండగుహలో దాచుకోవాలి. వానాకాలంలో ఎవరు దాచుకున్నంత వాళ్ళు తీసుకోవాలి. ఆలోచన మంచిదే. కాకపోతే సంఘం అన్నాక ఆఫీసు ఉండాలి, ఆఫీసు అన్నాక కంప్యూటర్లు ఉండాలి, కంప్యూటర్లు అన్నాక వాటి ముందు కూర్చుని టీ తాగేవాళ్ళు ఉండాలి. అవన్నీ ఏర్పడ్డాయి.

సంఘానికి ప్రెసిడెంటు ఎలుగుబంటి గుబురయ్య. మనసు మంచిది, గొంతు పెద్దది, చదువు మాత్రం అడక్కూడదు. సెక్రటరీ పునుగుపిల్లి సుగంధరావు. ఈ కథ ఆయనదే. ఆయన వస్తున్నాడంటే ముందు పరిమళం వచ్చేది, తర్వాత నమస్కారం వచ్చేది, ఆ తర్వాతే ఆయన కనిపించేవాడు. అంత మర్యాదస్తుడు దొంగతనం చేస్తాడని ఎవరనుకుంటారు? ఎవరూ అనుకోలేదు కాబట్టే ఆయన హాయిగా చేసుకుపోతున్నాడు.

పద్ధతి చాలా సులువు. అప్పుడొక తేనె కుండ, ఇప్పుడొక సారపప్పు బుట్ట గోదాములోంచి ఆయన బామ్మర్ది తొర్రకి చేరేవి. ఆ తర్వాత సుగంధరావు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకళ్ళ ఖాతాలో కాస్త, ఇంకొకళ్ళ ఖాతాలో కాస్త తగ్గించి, లెక్క సరిపోయేలా చూసేవాడు.

సంఘంలో ఒక కఠినమైన రూలు ఉంది. తరుగు ఎవరి చేతివల్ల వచ్చిందో తేలితే, వాడు వానాకాలమంతా గుహ బయటే ఉండాలి. పొడి చోటు లేదు, పిడికెడు గింజ లేదు. సుగంధరావుకి ఒళ్ళు తడిస్తే ప్రాణం పోయినంత పని. అయినా నిశ్చింతగానే ఉండేవాడు. రూల్లో ‘తేలితే’ అని ఉంది కదా, ఇంతవరకూ ఏదీ తేలలేదు.

తేలకపోవడానికి కారణం ఆఫీసు ఫోల్డరు. లెక్కలన్నీ అందులోనే ఉండేవి. ఏ కంప్యూటర్లోంచైనా ఎవరైనా దాన్ని తెరవచ్చు, ఎవరైనా మార్చచ్చు. ‘లెక్కలు’, ‘లెక్కలు ఫైనల్’, ‘లెక్కలు ఫైనల్ కొత్తది’, ‘ఇదే అసలు ఫైనల్, మిగతావి ముట్టుకోకండి’ అని ఫైళ్ళు. వాటి మధ్యలో నెమలి డాన్సు ఫోటోలు, అడవిపంది కూతురి పెళ్ళి శుభలేఖ. విచారణ వేసి, “ఈ లెక్క ఎవరు మార్చగలరు?” అని అడిగితే “అందరూ” అనే జవాబు వచ్చేది. అందరూ అంటే ఇక ఎవర్ని పట్టుకుంటాం?

పైగా తేనె పేరెత్తగానే సభలో కళ్ళన్నీ ప్రెసిడెంటు గారి మూతి వైపు తిరిగేవి. పాపం గుబురయ్యకి ఏమీ తెలీదు. కానీ ఎలుగుబంటి పుట్టుక పుట్టాక తేనె దొంగతనం గురించి ఎంతసేపని మాట్లాడగలడు? గొంతు సవరించుకుని, “సరే సరే, తరుగు కింద రాసెయ్యండి” అని సభ ముగించేవాడు.

ఇలా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతున్న సంసారంలో ఉడుత చారలమ్మ వేలు పెట్టింది.

“సెక్రటరీ గారండీ, నేనేసింది ఆరు బుట్టల సారపప్పండీ. కంప్యూటర్లో చూస్తే నాలుగే ఉన్నాయి” అంది ఒకరోజు.

“కంప్యూటర్ కదమ్మా, అప్పుడప్పుడూ పొరపాటు పడుతుంది.”

“పోన్లెండి, దానికి మాత్రం ఏం తెలుసు పాపం! నేను మళ్ళీ ఆరు చేసేశాను.”

సుగంధరావు నవ్వాడు గానీ లోపల కారం రాసినట్టయింది. ఆమె వెళ్ళగానే ఆరుని నాలుగు చేశాడు. మర్నాటికి అది ఆరైంది. మళ్ళీ నాలుగు చేశాడు, మళ్ళీ ఆరైంది. ఇది చూసి కుందేలు నేర్చుకుంది, కుందేలుని చూసి ముళ్ళపంది నేర్చుకుంది. తీసినదేదీ తీసినట్టు ఉండటం లేదు.

“ఈ ఆఫీసులో దొంగతనానిక్కూడా విలువ లేకుండా పోయిందే” అని ఆయన ఇంట్లో భార్య దగ్గర వాపోయాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధలోంచే ఆయనకి ఆలోచన పుట్టింది.

మర్నాడు సభలో లేచి నిలబడ్డాడు. “అయ్యా, మన లెక్కలు నడివీధిలో ఆరేసిన బట్టల్లా ఉన్నాయి. వచ్చేవాడు తడుముతున్నాడు, పోయేవాడు తడుముతున్నాడు. కాలం మంచిది కాదు. వీటికి భద్రత కావాలి” అన్నాడు. భద్రత అన్న మాట వినగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాటకి ఎవరు మాత్రం కొట్టకుండా ఉంటారు?

కంప్యూటర్ల పని తెలిసిన కొండముచ్చు కొండల్రావుని పిలిపించారు. అతను బల్లమీద తోక వేలాడేసుకుని కూర్చుని విడమరిచి చెప్పాడు. లెక్కలకి విడిగా ఒక ఫోల్డరు పెడతాడు. దానికి రెండు రకాల హక్కులు. ఒకటి చదివే హక్కు, రెండోది మార్చే హక్కు. ఎవరి పేరుతో, ఎవరి పాస్‌వర్డుతో వాళ్ళే లోపలికి వెళ్ళాలి.

“చదివే హక్కు సభ్యులందరికీ, ప్రెసిడెంటు గారికీ” అన్నాడు సుగంధరావు.

గుబురయ్య గుర్రుమన్నాడు. “అంటే నేను చదవడానికి మాత్రమేనా? ఇంత ప్రెసిడెంటుని పట్టుకుని చదువుకోమంటావా?”

“అయ్యయ్యో, రాయడం గుమాస్తా పనండీ. ఆ దరిద్రం తమకెందుకు? తమరు ఒకసారి చూసి తల పంకిస్తే చాలదా!”

గుబురయ్య ఒకసారి తల పంకించి చూసుకున్నాడు. బాగానే ఉందనిపించి ఊరుకున్నాడు.

“మరి మార్చే హక్కు ఎంతమందికి ఇవ్వమంటారు సార్? మామూలుగా ఇద్దరు ముగ్గురికి ఇస్తారు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఉంటారని” అన్నాడు కొండల్రావు.

“నేను సెలవు పెట్టను.”

“అది కాదు సార్, రేపేదైనా తేడా వస్తే...”

“కొండల్రావూ, ఇంటికి తాళం వేసి తాళంచెవులు ఊరంతా పంచుతామా ఎక్కడైనా?”

“మీ ఇష్టం సార్, నాకేం పోయింది” అని కొండల్రావు మార్చే హక్కూ, దాన్ని ఇంకొకరికి ఇచ్చే అధికారమూ ఒక్క సుగంధరావు పేరున పెట్టి, బిల్లు చేతికిచ్చి చెట్టెక్కేశాడు.

సుగంధరావు అక్కడితో ఆగితే బాగుండేది. భద్రత మీద సభ్యులకి క్లాసు కూడా తీసుకున్నాడు. “పాస్‌వర్డు ఎంగిలి ముద్ద లాంటిది, ఇంకొకరికి పెట్టకూడదు. నా పాస్‌వర్డు నా నీడక్కూడా తెలీదు. లెక్కల ఫోల్డర్లో మార్పు చెయ్యాలని వేలు పెట్టినవాడికి సభ్యత్వం రద్దు!” అని బల్ల గుద్ది చెప్పాడు. సభ్యులు హడలిపోయారు. ముళ్ళపంది అయితే ఆరోజు నుంచి కంప్యూటర్ వైపు చూడటం కూడా మానేసింది. అంత గొప్పగా చెప్పినందుకు సంఘం సుగంధరావుకి శాలువా కప్పింది.

ఆపైన ఆయనకి ఎదురే లేకపోయింది. తేనె కుండలు దర్జాగా పట్టపగలే నడిచాయి. ఖాతాలో నాలుగు చేస్తే నాలుగుగానే ఉంటోంది. మూడు చేసి చూశాడు, మూడుగానే ఉంది. సుగంధరావు ఆనందంతో ఆ అంకె వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

చారలమ్మ ఏడుపు ముఖంతో వచ్చింది. “ఇప్పుడు మూడే చూపిస్తోందండీ. నాకు పసిపిల్లలండీ. వానలు మొదలయ్యాక ఏం పెట్టను వాళ్ళకి?”

“చూడటం నీ హక్కమ్మా. మార్చడం నా బాధ్యత. నా బాధ్యత నేను చేస్తున్నాను, నీ హక్కు నువ్వు వాడుకో” అని ఆయన నమస్కారం పెట్టి పంపేశాడు.

ఆమె నిజంగానే వాడుకుంది. రోజూ వచ్చి చూసేది. తనది చూసి, పక్కవాళ్ళది కూడా చూసి, వాళ్ళ ఇంటికెళ్ళి చెప్పేది.

తొలకరి పడింది. గుహ ముందు సరుకు పంచే రోజు వచ్చింది. ఎవరి పేరు పిలిచినా “నాది తగ్గింది” అనే మాటే. తేనె అయితే సగానికి సగం లేదు. అలవాటు కొద్దీ కళ్ళన్నీ గుబురయ్య మూతి వైపు తిరిగాయి. అలవాటు కొద్దీ సుగంధరావు, ‘తరుగు కింద రాసెయ్యమంటాడు’ అనుకుని కలం తీశాడు.

కానీ గుబురయ్య ఈసారి గొంతు సవరించుకోలేదు. ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, ఛాతీ విరుచుకున్నాడు.

“నా వైపు చూస్తారేంట్రా? నేను చదవడానికి మాత్రమే!” అని అడవి దద్దరిల్లేలా అరిచాడు.

ఇన్నేళ్ళూ చెయ్యని తప్పుకి తలదించుకున్న ప్రాణం అది. ఆ మాట అనగానే ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. “రేపే విచారణ! ఉడుము పట్టాభిని పిలవండి!” అన్నాడు. పట్టాభి అంటే మామూలు ఉడుము కాదు. ఒకసారి పట్టుకుంటే పిడుగు పడినా వదలడని పేరు.

“నేనూ చదవడానికి మాత్రమే!” అంది అడవిపంది. “నేనూ!” అంది కుందేలు. గుహ ముందు అందరూ తమకి లేని అధికారాన్ని తలుచుకుని గంతులు వేశారు. సుగంధరావుకి మాత్రం వర్షం అంత దగ్గరగా ఎప్పుడూ వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తి, ఫోల్డరు తెరిచి, మార్చే హక్కు అందరికీ ఇచ్చేశాడు. ఇంకెవరి చెయ్యి పడినా చాలు, మళ్ళీ ‘అందరూ’ అయిపోతారు. వరండాలో అందర్నీ బతిమాలుకున్నాడు.

“అమ్మా చారలమ్మా, నీ మూడుని ఆరు చేసుకో తల్లీ. పది చేసుకున్నా నేను అడగను.”

“అమ్మో, సభ్యత్వం రద్దవుద్దండీ! క్లాసులో మీరే కదండీ చెప్పారు.”

“నేనే చెబుతున్నాను, ఒక్కసారి ముట్టుకో!”

“ఇది పరీక్ష కాబోలు” అని కుందేలు చారలమ్మ చెవిలో ఊదింది. “ముట్టుకుంటామో లేదో చూస్తున్నారు.” ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముళ్ళపంది బంతిలా ముడుచుకుపోయింది. సుగంధరావు చెప్పిన పాఠం అంత బాగా ఎవరికీ ఎక్కకపోయినా బాగుండేదని ఆయనకి మొదటిసారి అనిపించింది.

విచారణలో పట్టాభి మొదట అడిగింది ఒక్కటే ప్రశ్న. “ఈ లెక్కలు ఎవరు మార్చారు?”

“కంప్యూటర్ పొరపాటయ్యుంటుందండీ” అన్నాడు సుగంధరావు.

“కంప్యూటర్ తేనె తాగదు సార్. ఆ ఫోల్డర్లో ఇంతవరకూ మార్పు చేసింది ఒక్క పేరే. ఇవాళ పొద్దున అందరికీ తలుపు తెరిచింది కూడా ఆ పేరే” అని కొండల్రావు చెట్టు మీంచే జవాబిచ్చాడు.

“అయితే ఎవరో నా పాస్‌వర్డు దొంగిలించారు!”

“మీ నీడక్కూడా తెలీదన్నారుగా?” అన్నాడు పట్టాభి.

“ఒక్కరికి... ఒక్కరికి చెప్పాను.”

“ఎవరికి?”

సుగంధరావు గబగబా ఆలోచించాడు. అక్కడున్నవాళ్ళ పేరు ఎవరిది చెప్పినా మీద పడి రక్కేస్తారు. ఎదురుగా లేనివాడు కావాలి, పోయినా పెద్దగా బాధ లేనివాడు కావాలి. అలాంటివాడు ఆయనకి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

“మా బామ్మర్దికి” అన్నాడు.

పట్టాభి లేచాడు. వెనకాలే సభంతా లేచింది. వానలో తడుస్తూ ఊరేగింపుగా బామ్మర్ది తొర్ర దగ్గరికి వెళ్ళారు. లోపల కుండ మీద కుండ, బుట్ట మీద బుట్ట. మధ్యలో మూతి నిండా తేనెతో బామ్మర్ది, అన్యాయంగా నిద్ర చెడగొట్టారన్నట్టు చూశాడు.

“సుగంధరావు గారి పాస్‌వర్డు మీకు తెలుసటగా?” అని పట్టాభి అడిగాడు.

“పాస్‌వర్డా? అలాంటివేమీ ఇవ్వలేదండీ మా బావగారు. తేనె, పప్పు మాత్రమే పంపించారు” అన్నాడు బామ్మర్ది.

చారలమ్మ నేరుగా లోపలికి వెళ్ళి తన బుట్టలు తాను లెక్కపెట్టుకుంది. తగ్గిన మూడూ దొరికేదాకా బయటికి రాలేదు.

సుగంధరావుని గుహ బయట నిలబెట్టారు. శాలువా ఒక్కటే ఉంచుకోనిచ్చారు. వానకి అది నిమిషంలో తడిసి ముద్దయింది. తలుపు మూస్తుంటే ఆయన చలికి వణుకుతూనే కాసేపు ఆలోచించాడు. తేనె తీసినందుకు ఆయనకి పశ్చాత్తాపం కలగలేదు గానీ, భద్రత కోరినందుకు మాత్రం చెప్పలేనంత కలిగింది.

నీతి: తాళం వేసుకునే ముందు దొంగ, లోపల తనతోపాటు ఇంకో నలుగురున్నారో లేదో చూసుకోవాలి.