అభిప్రాయం చెప్పండి, చోటు దొరికాక

కస్టమర్ మాట వినకపోవడం తప్పని కొందరు అమాయకులు అనుకుంటున్నారు. కాదండీ! వినడానికి తగిన చోటు ఇంకా ఖరారు కాకపోవడం ఈ కాలం మనకిచ్చిన వరం. పదకొండు వారాలుగా ఆ వరంలో మునిగి తేలుతున్నవాణ్ణి, నా మాట నమ్మండి.

అమెరికాలో, పెద్ద సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో మాది ముగ్గురు మనుషుల వెబ్‌సైట్ల కంపెనీ. ఒకప్పుడు మా కస్టమర్లు సైటులో ఏం నచ్చకపోయినా ఫోను చేసో, కాఫీ షాపులో మా భుజం తట్టో చెప్పేసేవారు. ఎంత అనాగరికం! అందుకే ఒక ఫీడ్‌బ్యాక్ టూల్ తెచ్చుకున్నాం. పేజీలో నచ్చని చోట నొక్కి, అక్కడే తమ గోడు రాసుకోవచ్చు. టూల్ సిద్ధం. దాన్ని ఏ సర్వర్‌లో పెట్టాలన్నదే మిగిలింది.

మా సర్వర్లు చూసే డ్వేన్, ఆఫీసు అల్మారాలో కోట్ల వెనకున్న సొంత సర్వరే మేలంటాడు. యజమానురాలు ఆర్లిస్‌కు క్లౌడ్ అంటే ప్రాణం.

"మంచు తుపానుకు కరెంటు పోతే నీ అల్మారాను ఎవరు నడుపుతారు, మీ తాతా?" అంది ఆర్లిస్.

"క్లౌడ్ అంటే వర్జీనియాలో ఇంకెవరిదో అల్మారా. మా తాత అంతదూరం అసలే వెళ్లడు," అన్నాడు డ్వేన్.

పోనీ కస్టమర్ల సైటు పక్కనే, వాళ్ల సర్వర్‌లోనే పెట్టేద్దామన్నాను. "మన మీద చాడీలు వాళ్లింట్లోనే దాచుకోమంటావా?" అని ఇద్దరూ ఒక్కసారే నా మీద పడ్డారు. ఇంత ఐకమత్యం మా ఆఫీసులో మునుపెన్నడైనా ఉందా? ఏ సర్వర్ ఎక్కడో బొమ్మలు గీసి గీసి బోర్డు చాలక కిటికీ అద్దాల మీదకు వచ్చాం. ఇప్పుడు మాకు సరస్సు కనబడదు.

ఈ యజ్ఞం మధ్యలో వెర్నా మాకీ వచ్చింది. రెండు వీధుల అవతల ముప్పై ఒక్క ఏళ్లుగా చేపల ఎరల దుకాణం నడుపుతున్న మనిషి. ఆవిడ సైటు మేమే కొత్తగా కట్టాం. చేతిలో డబ్బా నిండా తను చేసిన ఓట్స్ బార్లు.

"సైటులో దుకాణం తెరిచే టైము ఉంది చూడు నాయనా, అది కాస్త వేరుగా ఉంది," అంది.

మా ఊళ్లో "వేరుగా ఉంది" కంటే పెద్ద తిట్టు లేదు. పెళ్లి కేకు మీద కుక్క కూర్చున్నా మావాళ్లు అంతకు మించి అనరు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ టైము టైపు చేసింది నేనేనన్నదీ తెలుసు. అయినా పద్ధతి అంటూ ఒకటి ఉంటుంది కదా!

"ఇలా నోటితో చెప్పకండి వెర్నా గారూ, గాల్లో కలిసిపోతుంది. టూల్ వస్తోంది, అందులో నొక్కి చెప్పండి," అన్నాను ఆవిడ తెచ్చిన ఓట్స్ బారు నములుతూ.

"ఈ ఏడు చేపల వేట మొదలయ్యే శనివారం లోపు వస్తుందా?"

"చోటు చూస్తున్నామండీ."

ఆ ఒక్క శనివారం ఉదయమే ఆవిడకు ఏడాది బేరంలో సగం. అయినా మళ్లీ అడగలేదు. మా ఊళ్లో రెండోసారి అడగడం మర్యాద కాదు. డబ్బా వదిలేసి వెళ్లిపోయింది.

శనివారం రానే వచ్చింది. నేనూ గాలం వేసేవాణ్ణే. ఎర వెర్నా దగ్గరే కొందామని తెల్లవారకముందే సైటు తెరిచాను. "తెరుచు వేళ: సాయంత్రం ఐదు" అని ఉంది. ఆవిడ నోటితో చెప్పింది నా బుర్రలోంచి నిజంగానే గాల్లో కలిసిపోయింది. పాపం, పెద్దావిడ, పొద్దున్నే లేవలేకపోతోంది కాబోలు అని జాలిపడి, ఎర కూడా అమ్మే పెట్రోలు బంకులో కొన్నాను. నాలాగే జాలిపడ్డవాళ్లు అక్కడ బారులు తీరి ఉన్నారు.

సాయంత్రం తిరిగొస్తూ దుకాణం దగ్గర ఆగాను. ఆవిడ పొద్దున ఐదు నుంచీ అక్కడే కూర్చుని ఉంది. తొట్లలో ఎరచేపలు ఒక్కటీ తగ్గలేదు. గోడకు కొత్తగా ఒక మేకు. దానికి ఒక నోటుపుస్తకం, దారానికి కట్టిన పెన్సిలు.

"ఇదేమిటి వెర్నా గారూ?"

"చోటు దొరకలేదన్నావుగా నాయనా. మా గోడ ఖాళీగానే ఉంది."

మొదటి పేజీలో ఆవిడ చేతిరాత: "పొద్దున ఐదు. సాయంత్రం కాదు."

"ఇది డౌన్ అయితే?" అలవాటు కొద్దీ నోరు జారాను.

"మేకు గట్టిదే."

అక్కడే నిలబడి ఫోనులో ఆ ఒక్క మాట మార్చాను. అర నిమిషం పట్టింది. తలెత్తి ఆవిడ ముఖంలోకి చూడటానికి మాత్రం సిగ్గేసింది.

సోమవారం సమావేశంలో జరిగిందంతా చెప్పాను. నన్ను తిట్టడానికి కాకుండా, పదకొండు వారాల్లో మొదటిసారి ఆర్లిస్, డ్వేన్ ఒక మాట మీదికి వచ్చారు. మేకును మించింది లేదన్నారు. తీర్మానం కూడా రాసుకున్నాం.

ఇక తేలాల్సింది ఒక్కటే, ఏ గోడకన్నది. డ్వేన్ అప్పుడే కిటికీ తుడుస్తున్నాడు, బొమ్మ గీయడానికి.