ఖాళీ డబ్బా ఎవరిస్తారు

శుక్రవారం ఉదయం సునంద వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగూళ్ళ వాళ్ళ దగ్గరున్న తన నలభై స్టీలు డబ్బాలు సాయంత్రంలోగా ఇంటికి రావాలి. వాటిని కడిగి, ఆరబెట్టి, మామిడికాయ తొక్కు నింపి, శనివారం పదింటికల్లా సారపాకలో జ్యోత్స్న దుకాణానికి చేర్చాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఆమెకు కనిపించలేదు.

ములకలపల్లి చుట్టుపక్కల సునంద తొక్కుకు మంచి పేరుంది. నిరుటి వానాకాలం దాకా ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మేది. జనం తొక్కును మెచ్చుకుని డబ్బాను వాగులో పారేసేవారు. ఒకసారి వాగు పొంగి, తన పేరు అంటించిన డబ్బాలే పదిహేను దాకా తన ఇంటి ముందుకు కొట్టుకొచ్చాయి. ఆ రోజు ఆమెకు నిజంగా సిగ్గేసింది. వెంటనే స్టీలు డబ్బాలు కొని, తిన్నాక డబ్బా తెచ్చిస్తే మళ్ళీ నింపిస్తానని అందరికీ చెప్పింది. అందరూ సరేనన్నారు. తొక్కు తిన్నారు. డబ్బాలు మాత్రం రాలేదు.

ఈలోగా జ్యోత్స్న సారపాకలో తినుబండారాల దుకాణం తెరిచింది. ప్లాస్టిక్ కవరు తన గుమ్మం దాటకూడదని పట్టుబట్టిన మనిషి. స్టీలు డబ్బాల సంగతి విని నలభై డబ్బాల తొక్కు తెమ్మంది. నచ్చితే నెలనెలా తీసుకుంటానంది. ఆ మాట మీదే సునంద ప్రాణాలు పెట్టుకుంది. అది కుదిరితే భర్త హరిప్రసాద్ బొగ్గు గనిలో కాంట్రాక్టు పని మానేసి, ట్రాలీ ఆటో నడుపుకుంటూ ఇంటిపట్టున ఉండవచ్చు. దుమ్ముకు అతని దగ్గు తగ్గడం లేదు.

అందుకే గురువారమే వాట్సాప్ గ్రూపులో గట్టిగా ఒక ముక్క పెట్టింది: "రేపు సాయంత్రంలోగా నా డబ్బాలు నాకు రావాలె." శుక్రవారం ఆటో కిరాయికి తీసుకుని, గుర్తు చేయడానికి భర్తతో ఊళ్ళమీదికి బయలుదేరింది. ఇంటి దగ్గర అత్తగారు అనంతమ్మ చేతికి పేర్ల కాగితం ఇచ్చింది.

"అత్తమ్మా, డబ్బా తెచ్చినోళ్ళ పేరు కాడ టిక్కు పెట్టు. ఒక్కలు గూడ తప్పిపోవద్దు."

"నాకు చెప్పాల్నా," అంది అనంతమ్మ, పెన్సిలు చెవి వెనక దోపుకుంటూ.

మొదట తండాలో పూలి ఇంటికి వెళ్ళారు.

"డబ్బా ఎప్పుడో కడిగి పెట్టిన అక్కా. అండ్ల ఏసియ్యనీకే ఏం చెయ్యలే," అంది పూలి.

"ఏం ఎయ్యొద్దు. ఖాళీగనే ఇయ్యి."

"ఖాళీ డబ్బా ఎవరన్న ఇస్తరా? ఇంట్ల ఏం లేదనుకోరా?"

సునందకు అప్పుడు బోధపడింది. ఇన్ని నెలలుగా నలభై ఇళ్ళలో ఎవరూ ఆమె డబ్బాలు కాజేయలేదు. ఏదైనా మంచిది వండిన రోజున నింపి ఇద్దామని దాచి ఉంచారు.

"పూలీ, నీకు దండం పెడ్త. ఉత్త డబ్బా ఇయ్యి."

దండం దాకా వచ్చిందంటే అక్కకు గట్టిగానే కోపమొచ్చిందని పూలి అనుకుంది. పొద్దుగూకకముందే పంపుతానని చెప్పి, వాళ్ళు గడప దిగగానే నలుగురికి ఫోన్ చేసింది. సునంద పక్క ఊరికి వెళ్ళేసరికి ఆమె అలిగిందన్న కబురు ముందే చేరింది. ఆ పై ఊళ్ళో, ఇంటికొస్తే మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని అలిగిందట. అక్కడ డబ్బా తీసుకున్న బొజ్జయ్య ఆటోకు అడ్డం నిలబడి "తప్పైతే మన్నించు చెల్లె," అన్నాడు. లోపల అతని భార్య అప్పటికే పొయ్యి ముట్టించింది.

"నువ్వు ఎంత వద్దంటే అంత నింపుతున్నరు," అన్నాడు హరిప్రసాద్.

"నువ్వు గమ్మున నడుపు."

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరారు. కాగితం మీద నలభై పేర్లకూ నలభై టిక్కులున్నాయి. సంతోషంతో సునందకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"డబ్బాలు ఏడ పెట్టినవు అత్తమ్మా?"

"ఇచ్చి పంపిన."

"ఎవరికి?"

"తెచ్చినోళ్ళకే."

నడింట్లో చాపల నిండా సకినాలు, గరిజలు, నువ్వుండలు, జొన్న లడ్డూలు, ఇప్పపువ్వు లడ్డూలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. పక్కన తొక్కు జాడీలు రెండింటికీ అడుగు కనిపిస్తోంది.

"నిండు డబ్బా తెచ్చినోళ్ళను ఉత్త డబ్బాతోని పంపుదునా? తొక్కు పెట్టిచ్చిన. నలభైమందిల ఒక్కలు గూడ తప్పిపోలే," అంది అనంతమ్మ. ఆమె గొంతులో పని సక్రమంగా చేసిన తృప్తి ఉంది.

సునంద అక్కడే కూలబడి ఏడ్చింది. తొక్కూ లేదు, డబ్బాలూ లేవు. హరిప్రసాద్ సోమవారం మళ్ళీ గనికి పోవాల్సిందే.

"మళ్ల పోయి డబ్బాలు తెద్దామా?" అన్నాడు అతను.

"పోతే మళ్ల నింపుతరు," అంది ఏడుస్తూనే.

"పోనీ కిరాణా కొట్ల కవర్లు తెస్త. ఈ పిండివంటలే కట్టుకపోయి జ్యోత్స్నకు చూపిద్దాం."

"కవర్లల్ల వద్దు. ఆమె ఊకున్నా నేను ఊకోను."

అనంతమ్మకు తన మర్యాద ఎక్కడో అడ్డం తిరిగిందని అప్పటికి అర్థమైంది. లేచి అటక మీది నుంచి విస్తళ్ళు కుట్టడానికి దాచిన అడ్డాకుల కట్ట దించింది. ముగ్గురూ కూర్చుని పొట్లాలు కట్టి దారం చుట్టారు. ఏది ఎవరింటిదో అనంతమ్మ గుర్తుపెట్టుకుని చెబుతుంటే, సునంద ఒక్కో పేరు చీటీ మీద రాసి దారంలో దోపింది.

శనివారం పదింటికి జ్యోత్స్న ముందు నలభై ఆకు పొట్లాలు పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పేసింది సునంద. జ్యోత్స్న ఒక ఇప్పపువ్వు లడ్డూ తిన్నది. తర్వాత పూలి చేసిన గరిజ తిన్నది. మూడో పొట్లం విప్పుతూ అడిగింది.

"అక్కా, మళ్ల ఈ ఆకులు మీకు తిరిగియ్యాల్నా?"

"ఏం అక్కర్లే. మేకకేస్తే అయిపోతది."

"అట్లయితే ఇయ్యే తీసుకరా. నెలనెలా కావాలె. ఆ ఇండ్లన్నీ తిరిగి తెచ్చేది మీరే, మీ ఆటో కిరాయి నాది."

హరిప్రసాద్ అక్కడే నిలబడి గని మేస్త్రీకి ఫోన్ చేసి, ఇక రానని చెప్పాడు. అది విన్నాక సునందకు గుండెల మీది బరువు దిగింది. దిగాక అడగాల్సింది గుర్తొచ్చింది.

"మరి నా తొక్కు?"

"తొక్కు మా అమ్మ గూడ పెడతది గదక్కా," అంది జ్యోత్స్న.

ఆమె రాసిచ్చిన ఆర్డరు కాగితంలో నలభై ఇళ్ళ పేర్లూ వరసగా ఉన్నాయి. సునంద పేరు అడుగున, రవాణా అన్నచోట ఉంది.