నోటి తడికి కాపలా

కాపలా కాసేవాడు ముందుగా ఇంటివాళ్ళనే అనుమానించాలి. లేకపోతే అది కాపలా కాదు, అరుగు మీద కూర్చోవడం. కవిటిలో జగన్నాథరావుగారి ఇల్లు ఈ సూత్రం మీదే నడుస్తోంది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, ముద్దకొక గుక్క నీళ్ళు తాగడం అవసరమా, దుర్వినియోగమా అన్న చర్చ అప్పటికే పప్పు దాటి పులుసులోకి వచ్చింది.

"మళ్ళీ గ్లాసెత్తినావేటే? అన్నేసి నీళ్ళు తాగితే కిడ్నీలు ఏటైపోవాల?" అన్నారాయన.

"నోట్లో తడి లేదండీ. ముద్ద దిగట్లేదు," అంది భార్య పార్వతి.

"మా కాలంలో ఇలగ తడి కావాలన్నోళ్ళని సూళ్ళేదమ్మా," అంది అత్తగారు వరహాలమ్మ, చెంబెడు నీళ్ళూ తాగి కింద పెడుతూ. (నియమాలు పర్యవేక్షకులకు వర్తించవు.)

ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. ఇంటింటా కిడ్నీ రోగులుండే ఉద్దానంలో పుట్టి, తమ్ముణ్ణి ఆ జబ్బుకే పోగొట్టుకున్న మనిషి. పెద్దకర్మ కాగానే ఇంట్లో నీటి రక్షణ సంఘం పెట్టారు. అధ్యక్షుడు ఆయన, పర్యవేక్షకురాలు వాళ్ళమ్మ, రక్షింపబడే సభ్యురాలు పార్వతి. జబ్బు నీళ్ళలోంచే వస్తుందన్న అనుమానంతో బోరు నీళ్ళు నిషేధం. కాశీబుగ్గ నుంచి ఆటోలో వచ్చే క్యాన్లు గదిలో, తాళంచెవి అధ్యక్షులవారి మొలతాడుకి. నీళ్ళు కావలసినవారు కారణం చెప్పాలి. దాహం కారణం కిందికి రాదు.

పార్వతికి కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. పళ్ళు పుచ్చి ఊడిపోతున్నాయి. చుట్టుపక్కల ఎక్కడ కిడ్నీ శిబిరం పెట్టినా ఆయన తీసుకెళ్ళారు. ప్రతిచోటా రక్తం తీసి, కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని అభినందించి పంపారు. ఉద్దానంలో కిడ్నీలు బాగున్న మనిషికి వేరే జబ్బు రావడం మర్యాద కాదు.

చివరికి టెక్కలిలో ఉండే ఆమె అన్న రామూర్తి విశాఖపట్నం తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు కింది పెదవి లోపల చిన్న ముక్క తీసి, పరీక్ష చేయించి, సంగతి విప్పి చెప్పాడు. రోగాల మీదికి వెళ్ళవలసిన కాపలా కణాలు, ఏ దొంగా రాకుండానే లాలాజల గ్రంథుల్లో దిగాయి. లాలాజలం పారే గొట్టాల చుట్టూ మకాం వేశాయి. కబురు పెట్టి తమవాళ్ళని మరింతమందిని రప్పించుకున్నాయి. లాలాజలం ఊరించే కణాలే శత్రువులని తీర్మానించి తొలగించసాగాయి. (తొలగింపబడినవారి సంజాయిషీ ఎవరూ తీసుకోలేదు.) పనిచేసేవాళ్ళు పోయి కాపలావాళ్ళే మిగిలాక, దాన్ని ఇంకా గ్రంథి అనడం అలవాటు కొద్దీ మాత్రమే.

పార్వతి తిరిగొచ్చి ఇదంతా చెబితే జగన్నాథరావుగారు శ్రద్ధగా విన్నారు.

"మరి కిడ్నీలు?"

"బాగున్నాయంట."

"అయితే జబ్బేటీ లేదన్నమాట!"

ఆ సంతోషంలో, ముందుజాగ్రత్తగా, ఆమె కంచం పక్కన చెంబు తీసేసి గ్లాసు పెట్టించారు. ఇప్పుడు చర్చ జరుగుతున్నది ఆ గ్లాసు గురించే.

చర్చ పులుసు దాటి మజ్జిగలోకి వస్తుండగా పార్వతి కంచం పక్కకి జరిపింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. (కన్నీటి గ్రంథుల్లోనూ కాపలా పడింది.)

"లోపలి కాపలావోళ్ళని అణిసడానికి డాక్టరుగారు మాత్రలిచ్చారు," అంది ఇద్దరికీ వినబడేలా. "బయటోళ్ళ కోసం కూడా అడిగినాను. లేవంట. అందుకే రేపు పొద్దున్న టెక్కలి ఎల్లిపోతన్నాను, మా అన్నయ్యింటికి. నోట్లో తడొచ్చేదాకా అక్కడే ఉంటాను."

వరహాలమ్మ కొడుకు వైపు చూసింది. అధ్యక్షులవారు కలిపిన ముద్ద అలాగే పట్టుకుని, నిజంగానే బెంగపడి అడిగారు.

"మరక్కడ నిన్నెవులు కాపలా కాత్తారే?"