ముప్ఫై ప్రశ్నల పొట్లాలు

ఆ పొద్దున సలామత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు మఫ్తూనాకు ఇంత రొట్టె తినిపించి, చరిత్ర నోట్సు ఇంకొక్కసారి చదివించి, పన్నెండు గంటల పరీక్షకు పంపడం. బల్ల మీద బోర్లించిన ముప్ఫై చీటీల్లో ఒకటి తీసి, వచ్చిన ప్రశ్నకు అక్కడే నిలబడి జవాబు చెప్పాలి. అన్నీ సామ్రాజ్యాలు, యుద్ధాలు, పాలకుల గొడవలే. పిల్ల తప్పుతుందని సలామత్ నెల రోజుల క్రితమే నిశ్చయించుకుంది. తప్పితే కాలేజీ ఉండదు. కాలేజీ లేకపోతే పత్తి మిల్లు, మిల్లులో దుమ్ము, దుమ్ముకు దగ్గు. ఆ దగ్గుకు ఏ కషాయం మంచిదో పక్కింటావిడను ముందే అడిగి పెట్టుకుంది.

నోట్సు పెట్టిన కిటికీలో చూస్తే అట్ట మాత్రమే ఉంది.

వీధి గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, అత్తగారు బీబీసారా వేయించిన పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతోంది.

"అత్తయ్యా, పిల్ల నోట్సు ఏదీ?"

"అంతా రాసేసిన పుస్తకమేగా అని చింపానే. కాగితం భలే గట్టిది, పొట్లం నిటారుగా నిలబడుతోంది."

"ఎన్ని పోయాయి?"

"ఎనిమిదే. బేరాలు మందకొడిగా ఉన్నాయి."

సలామత్‌కు కళ్ళ ముందు మిల్లు కనపడింది. మిగిలిన పొట్లాల్లో గింజలన్నీ బకెట్లో దులిపి కాగితాలు తీసుకుని, అమ్ముడుపోయినవాటి కోసం తల్లీకూతుళ్ళు వీధిలో పడ్డారు. ఏడు కాగితాలు దొరికాయి. రొట్టెల బట్టీవాడు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఉండక్కా, బాబర్ సమర్‌కంద్ మూడోసారి పోగొట్టుకుంటున్నాడు. ఏమవుతాడో చూసి ఇస్తా."

ఎనిమిదోది ఆ పేటకు, అంటే మహల్లాకు, పెద్ద అయిన మామరజబ్ కొన్నాడు. ఆదివారం ఆ పదవికి మళ్ళీ ఎన్నిక. పొట్లానికి సరిపోవాలని బీబీసారా ఆ కాగితం పైభాగం చింపేసింది. దాంతో ప్రశ్న పోయి జవాబే మిగిలింది: "పాలకుడు కూలిపోవడానికి కారణాలు మూడు. ఒకటి, అడ్డగోలు వసూళ్ళు. రెండు, బంధువులకే పదవులు. మూడు, కాలువల మరమ్మతు మరచిపోవడం."

వీధి గేటుకని ఇంటింటా చందా వసూలు చేసింది మామరజబే. ఆ గేటుకు బావమరిదిని కాపలా పెట్టిందీ ఆయనే. కాలువైతే రెండేళ్ళుగా పూడిపోయి ఉంది. టీ దుకాణంలో ఆయన గింజలు నమలడం మానేసి ఆ కాగితాన్ని నాలుగోసారి చదువుతుండగా సలామత్ వగరుస్తూ వచ్చి పడింది.

"ఆ కాగితం ఇచ్చెయ్యన్నా! అది లేకపోతే మా పిల్ల పని అయిపోయినట్టే!"

మామరజబ్ మొహం పాలిపోయింది. "అయితే ఇది మీ ఇంట్లోంచే వచ్చిందన్నమాట. ఎవరు రాశారు?"

"నేనే మామయ్యా, వారం కూర్చుని రాశాను," అంది మఫ్తూనా.

"నాయకుడెవడు?"

"ఏ యుద్ధానికి?"

"ఎన్ని యుద్ధాలున్నాయే?"

"పదకొండు. మిగతావి కుట్రలు."

"ఎప్పుడు మొదలు?"

"పన్నెండింటికి," అంది సలామత్ ఏడుపు గొంతుతో. "ఇంక గంట కూడా లేదు. మా గతేం కాను!"

మామరజబ్ లేచి కాగితాన్ని టీ నీళ్ళు కాగే సమోవర్ కింద నిప్పుల్లో పడేశాడు. "నేనేం చదవలేదు. మీరేం రాయలేదు. వెళ్ళండి."

పరీక్ష గది బయట సలామత్‌కు ఒకటే నమ్మకం: ఆ కాలిపోయిన ప్రశ్నే వస్తుంది. భయపడినవన్నీ జరగకపోయినా, ఇది జరిగింది. మఫ్తూనా చీటీ తిప్పితే అదే.

అరగంటకు పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. "ఐదుకు ఐదమ్మా!"

"కాగితం లేకుండా ఎలా చెప్పావే?"

"మూడు కారణాలూ మన వీధిలోనే ఉన్నాయిగా, గుర్తొచ్చాయి. నాలుగోది కూడా ఉందా అని అడిగారు. చేతికొచ్చిన తప్పుల జాబితాను దిద్దుకోకుండా తగలబెట్టడం అన్నాను. మేడం రాసుకున్నారు."

ఇద్దరూ ఇల్లు చేరేసరికి కాలువలో ఆరుగురు పారలతో దిగి ఉన్నారు. బావమరిది గేటు తాళాలు అప్పగించి వెళ్ళిపోయాడు. చందా డబ్బు ఇంటింటికీ తిరిగి వస్తోంది. మామరజబ్ ఎవరి కళ్ళలోకీ చూడకుండా గట్టు మీద నిలబడి పని చేయిస్తున్నాడు. ఆదివారం మహల్లా అంతా ఒక్క గొంతుతో మళ్ళీ ఆయన్నే ఎన్నుకుంది.

ఆయన ఇప్పటికీ రోజూ బీబీసారా దగ్గర ఒక పొట్లం కొంటాడు, గింజలు మాత్రం అక్కడే పావురాలకు పోసేసి, కాగితం విప్పి చదువుకుంటాడు.