గుర్రాలవంక ప్రారంభోత్సవం

నంద్యాల జిల్లాలో ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఐదారు గంటలేసి మాత్రమే పారే వంకలు చాలా ఉన్నాయి. వాటిలో గుర్రాలవంక మిక్కిలి క్రమశిక్షణ గలది. తెల్లవారుజామున నల్లమలలో గట్టి వాన పడితే తొమ్మిదింటికల్లా పొంగుతుంది, మధ్యాహ్నం మూడింటికల్లా డ్యూటీ దిగిపోతుంది. మిగతా రోజుల్లో అందులో గొర్రెలు, ఇసుక ట్రాక్టర్లు, ఎన్నికల హామీలు నడుస్తుంటాయి.

ఈ వంకలో కయాక్ నడపాలని ఆళ్లగడ్డ సైన్సు మాస్టారు ఎడ్విన్‌కు మూడేళ్ల కిందట బుద్ధి పుట్టింది. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. మంచుకొండల్లో ఎవరో నురగల నీళ్ల మీదుగా రాళ్ల సందుల్లో దూసుకుపోవడం ఫోన్‌లో చూశాడు. రాళ్లకైతే మనకేం కొదవలేదు, నీళ్లొక్కటే రావాలి అనుకున్నాడు. ఇద్దరు స్నేహితులు తోడయ్యారు. ఒకడు జీవన్ కుమార్, వంకకు అవతల కొండవైపున్న వంకపల్లెలో ఎరువుల కొట్టు నడుపుతాడు. రెండో మనిషి నాగజ్యోతి, నంద్యాలలో బ్యాంకు ఉద్యోగి. మూడు పడవలు తెప్పించి జీవన్ ఇంటి ఎనుముల కొట్టంలో పెట్టారు. రెండేళ్లు కేసీ కాలువలో సాధన చేశారు. కాలువలో నీళ్లు ప్రభుత్వ ఫైలులా కదులుతాయి కనుక ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వంక మాత్రం ఆ రెండేళ్లూ ఎండబెట్టింది. మూడో ఏడైనా వస్తుందో రాదోనని ఎడ్విన్ పాఠం చెబుతూ చెబుతూ కిటికీలోంచి కొండమీది మబ్బుకేసి చూసేవాడు. సారుకు మెడనొప్పి అని పిల్లలు జాలిపడ్డారు. లోకంలో అతను కోరుకున్నది ఒక్కటే: ఆ వంకలో, ఆ నురగలో, ఒక్కసారి కిందిదాకా పోవాలి.

అంతా సక్రమంగా ఉండగా ముగ్గురూ కలిసి ఒక తప్పు చేశారు. వంకపల్లెకు పోయే దారిలో, వంక పొంగితే మునిగే చప్టా పక్కన ఫ్లెక్సీ కట్టించారు. మన వైపు ఫ్లెక్సీ లేనిదే చెవులు కుట్టడం కూడా చెల్లదని పాఠకులకు తెలియనిది కాదు. అందులో ఒక పెద్దమనిషి బొమ్మ లేకపోతే అది మూడో రోజుకల్లా ఎవరి గడ్డివామి మీదో పరదా అవుతుంది. పైగా వంకపల్లె వైపు వంకలోకి దిగే దారి నంద్యాల నాయకుడు లక్ష్మీనారాయణ పొలంలోంచే ఉంది. అందుకని ఆయన బొమ్మ నిలువెత్తున వేయించి, పడవల బొమ్మను ఆయన చెప్పుల దగ్గర సర్దారు. ఫ్లెక్సీలో తనను తాను చూసుకున్న లక్ష్మీనారాయణ, ఈ కార్యక్రమానికి ముఖ్య అతిథి తానేనని న్యాయంగానే గ్రహించాడు.

ఆగస్టు ఆఖరి ఆదివారం కొండమీద వాన దంచింది. ఉరుము వినగానే ఎడ్విన్, అంతకు ముందురోజే వచ్చి ఆళ్లగడ్డలో చుట్టాలింట దిగిన నాగజ్యోతిని బండెక్కించుకుని, చప్టా మునగక ముందే వంకపల్లె చేరాడు. తొమ్మిదింటికి వంక వచ్చింది. ఎర్రటి నీళ్లు బండల మీద తెల్లగా విరుగుతుంటే చూసి అతనికి కళ్లు చెమర్చాయి. హెల్మెట్ పెట్టుకున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

“మాస్టారూ, నేనొచ్చి జలహారతి ఇచ్చిందాంక పడవ నీళ్లకు తగలగూడదు. బయల్దేరతాండా,” అన్నాడు లక్ష్మీనారాయణ.

పదకొండింటికి మళ్లీ ఫోన్ వచ్చింది. “చప్టా మీద నీళ్లు పోతాండాయప్పా. కారు దాటదు. తగ్గినాంక వస్తా.”

పరిస్థితిని సమీక్షించగా తేలినది ఇది. పడవలు దిగాలంటే ముఖ్య అతిథి రావాలి. ముఖ్య అతిథి రావాలంటే నీళ్లు తగ్గాలి. నీళ్లు తగ్గాక పడవలు దిగడానికేమీ ఉండదు. సైన్సు మాస్టారు కనుక ఎడ్విన్ దీన్ని రెండు రకాలుగా చేసి చూశాడు, రెండుసార్లూ అదే జవాబు వచ్చింది.

“మనమే పడవలో పోయి అన్నను ఈ గట్టుకు తెచ్చుకుందాం,” అంది నాగజ్యోతి. ఊరి పెద్దలు దీనిమీద గంటసేపు చర్చించారు. ప్రారంభం కాని పడవలో ప్రారంభించేవాణ్ణి ఎక్కించడం ఆయన్ను అవమానించడమేనని, పైగా కయాక్‌లో ఒక్కరికే చోటు కనుక ఆయనే తెడ్డు వేసుకోవాల్సి వస్తుందని తేల్చి, ఆ ప్రతిపాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చారు.

“నీళ్లుండేది ఇప్పుడు గదరా. హారతి యాపొద్దయినా ఇయ్యొచ్చు,” అంది జీవన్ తల్లి కమలాక్షమ్మ. కార్యక్రమాల నిర్వహణలో అనుభవం లేని మనిషి కనుక ఎవరూ పట్టించుకోలేదు.

దిగిపోదామా అని ఎడ్విన్ రెండుసార్లు లేచాడు. దిగితే పొలం దారికి ముళ్లకంప పడుతుంది, మళ్లీ జన్మలో వంక మొహం చూడలేం అని జీవన్ రెండుసార్లు కూర్చోబెట్టాడు. కళ్లముందే నీళ్లు ఒక్కో బండనూ వదిలిపెట్టి పోతుంటే ఎడ్విన్‌కు ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

నాలుగింటికి, చప్టా తేటగా బయటపడ్డాక, ఆరు కార్లు వచ్చాయి. లక్ష్మీనారాయణ బురదలోకి దిగి పసుపు, కుంకుమ, పట్టుచీర సమర్పించాడు. జలహారతికి జలం లేని లోటు కమలాక్షమ్మ ఇంటి ఫిల్టరు నీళ్ల క్యానుతో తీరింది. పిమ్మట ఆయన కయాక్‌లో ఆసీనుడు కాగా, ఎనిమిదిమంది కార్యకర్తలు దాన్ని భుజాలకెత్తి రాళ్ల మీదుగా వంద గజాలు నడిపారు. తెడ్డు ఆయన గాలిలోనే వేశాడు. ఫోటోలు దివ్యంగా వచ్చాయి.

“నీళ్లుంటే ఎవడైనా నడుపుతాడు. నీళ్లు లేకుండా నడిపి చూపించినాం,” అని ఆయన ప్రసంగించాడు. “పొద్దున ఇంత వరద వచ్చినా ఈ వంకలో ఒక్క ప్రాణం పోలేదు. ఒక్క పడవ మునగలేదు. ఎందుకు? ముందుచూపు.” చప్పట్లు మిన్నంటాయి. ఆ ఊపులో ఆయన గుర్రాలవంక జలసాహస క్రీడల సంఘం ఏర్పాటైనట్టు ప్రకటించి, ఎడ్విన్‌ను అధ్యక్షుణ్ణి చేసి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చాడు.

కడుపులో ఉన్నదంతా కక్కేయాలని ఎడ్విన్ పొద్దుటినుంచీ మాటలు పేర్చుకుంటున్నాడు. మైకు నోటి దగ్గరికి వచ్చింది. శాలువా వెచ్చగా ఉంది. “అన్న రాకపోయింటే ఇది జరిగేదే కాదు,” అన్నాడు. తన గొంతు స్పీకర్లలో అంత గంభీరంగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. అధ్యక్షుడి మాట మీద గౌరవంతో పొలం దారి ఇక అందరికీ తెరిచే ఉంటుందని లక్ష్మీనారాయణ మాటిచ్చాడు.

పదహారు రోజుల తర్వాత, ఒక సెలవురోజు, మళ్లీ కొండమీద వాన పడింది. “బిరీన రా అన్నా, కొండమీంచి నీళ్లు దిగుతాండాయ్,” అని వంకపల్లెనుంచి జీవన్ ఫోన్ చేశాడు. నాగజ్యోతి అప్పటికే అక్కడుంది. ఎడ్విన్ అరగంట ఆలస్యంగా బయల్దేరాడు. అధ్యక్షుడు నలిగిన చొక్కాతో పోకూడదు కనుక ఇస్త్రీ చేయించుకోవాల్సి వచ్చింది. చప్టా దగ్గరికి చేరేసరికి దానిమీద మోకాటిలోతు నీళ్లు పరుగెడుతున్నాయి. ఒక బస్సు, నాలుగు ఆటోలు, యాభైమంది జనం ఇవతలి గట్టునే ఆగిపోయి ఉన్నారు.

ఎడ్విన్ ఫోన్ తీశాడు. “జీవన్, నేనొచ్చిందాంక ఎవరూ దిగొద్దండి.”

“యాడున్నావ్ అన్నా?”

“చప్టా కాడ. తగ్గినాంక వస్తా.”

అవతల నాగజ్యోతి పగలబడి నవ్వడం వినిపించి, ఫోన్ ఆగిపోయింది.

కాసేపటికి వంక మలుపులోంచి రెండు పడవలు వచ్చాయి. బండ మీదినుంచి దూకాయి, నురగలో మునిగాయి, పైకి తేలాయి. జీవన్ బోల్తాపడి, లేచి, నోట్లోని ఎర్రనీళ్లు ఉమ్మి కేకలేశాడు. నాగజ్యోతి తెడ్డు పైకెత్తి ఊపింది. చప్టాకు ఎగువనే ఇద్దరూ అవతలి గట్టుకెక్కి, ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. ఎడ్విన్ చేతులు వాటంతటవే గాలిలో రెండుసార్లు తెడ్డు వేశాయి. ఆ ఒక్క నిమిషం అతను మళ్లీ పాత ఎడ్విన్. చెప్పులు విడిచి నీళ్లలోకి పరుగెత్తాలనిపించింది.

“ఎవురప్పా వాళ్లు? ఏందీ పని?” అని బస్సు కండక్టరు అడిగాడు. యాభైమందీ ఇస్త్రీ చొక్కా వైపు తిరిగారు.

ఎడ్విన్ చేతులు దించి, కాలరు సర్దుకున్నాడు. “మన సంఘమే. నా ఆధ్వర్యంలో జరుగుతాంది,” అన్నాడు.

అవతలి గట్టున తడిసి ముద్దయి వణుకుతున్న ఇద్దరినీ వదిలేసి, జనమంతా అతని చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. బస్సు కదలక విసిగిపోయి ఉన్న మనమూ కొట్టాం. అతనితో దిగిన మన ఫోటోలు కూడా బాగానే వచ్చాయి.